ఎయిర్ ఫ్రయర్‌లో వంటనూనె వాడే పద్ధతి

ఎయిర్ ఫ్రయర్ కొత్తగా ఇంటికి వచ్చినప్పుడు నూనె విషయంలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. కొందరు చుక్క నూనె కూడా వేయకుండా దొండకాయ ముక్కలను ఎండుపుల్లల్లా మాడ్చుకుంటారు. మరికొందరు మూకుడు అలవాటు కొద్దీ నూనెను బుట్టలోనే పోస్తారు. మొదటి పొరపాటుతో వేపుడు పాడవుతుంది, రెండోదానితో మంటలు రేగే ప్రమాదం ఉంది. ఈ పరికరంలో పైనున్న తీగ చుట్ట వేడెక్కితే ఫ్యాను ఆ వేడిగాలిని ముక్కల చుట్టూ వేగంగా తిప్పుతుంది తప్ప, నూనె కాగడానికి ఇందులో చోటు లేదు. ముక్క మీద పలుచని పొరగా నిలిచి వేడిని సమంగా అందించడం, రంగు తేవడం, కారం, ఉప్పు ముక్కను అంటిపెట్టుకునేలా చూడడం, ఇంతే ఇక్కడ నూనె చేయవలసిన పని. అందుచేత నూనెను ముక్కలకు పట్టించాలి, బుట్టలో పోయకూడదు.

అంతకంటే ముందు తడి పోవాలి. విశాఖపట్నంలో ఎండాకాలంలో కూడా గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది కనుక, రైతుబజారు నుంచి తెచ్చి కడిగిన బెండకాయలు జల్లెడలో ఎంతసేపు ఉంచినా పూర్తిగా ఆరవు. తడి ఉన్నచోట నూనె పట్టదు. పైగా ఆ నీరంతా ఆవిరైపోయేవరకు ముక్క ఉడుకుతుందే గాని వేగదు. నూలు గుడ్డతో ఒక్కొక్క కాయనూ తుడిచి, తరిగి, వెడల్పాటి గిన్నెలో వేసుకోవాలి. పావుకిలో ముక్కలకు ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల నూనె చాలు. అరకిలో బంగాళదుంపలకు రెండు చెంచాలు సరిపోతాయి. చేత్తో అడుగు నుంచి పైకి కలిపినప్పుడు ప్రతి ముక్కా సన్నగా మెరవాలి. గిన్నె అడుగున నూనె నిలిచిందంటే ఎక్కువైందని అర్థం; దానిని బుట్టలోకి వంచకుండా గిన్నెలోనే వదిలేయాలి.

చేపల విషయంలో మరికొంత శ్రద్ధ అవసరం. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన వంజరం ముక్కలకు కారం, పసుపు, ఉప్పు, అల్లంవెల్లుల్లి ముద్ద పొడిపొడిగా అద్దితే, ఫ్యాను గాలికి కారం ఎగిరి పైనున్న తీగకు అంటుకుంటుంది. మిగిలినది ముక్క మీదే నల్లబడి చేదెక్కుతుంది. అలా కాకుండా మసాలాలోనే రెండు చెంచాల నూనె కలిపి చిక్కని ముద్ద చేసి పట్టించి, అరగంట ఉంచి, 180 డిగ్రీల దగ్గర పది నుంచి పన్నెండు నిమిషాలు వేయించాలి. సగం సమయం కాగానే ముక్కను తిప్పి, పొడిగా కనిపించిన చోట మాత్రం బ్రష్‌తో కొద్దిగా నూనె రాయాలి.

ఏ నూనె వాడాలన్నది వేడిని బట్టి నిర్ణయించుకోవలసిన విషయం. నేను ఒకసారి గానుగ నువ్వుల నూనె పట్టించిన చేపలను 200 డిగ్రీల దగ్గర పెట్టి, అయిదు నిమిషాలకే వంటగదంతా పొగతో నింపాను. శుద్ధి చేయని గానుగ నూనెలు దాదాపు 160 నుంచి 180 డిగ్రీల మధ్యనే పొగలు కక్కుతాయి. రిఫైన్డ్ వేరుశనగ, పొద్దుతిరుగుడు, తవుడు నూనెలు సుమారు 230 డిగ్రీల వరకు తట్టుకుంటాయి కనుక పెద్ద వేడికి అవే తగినవి. గానుగ నూనె రుచి వదులుకోలేనివారు, వేపుడు దించాక పైన ఒక చెంచా కలుపుకోవచ్చు. నా మటుకు నాకు వాసన అప్పుడే బాగా తెలుస్తుంది. వెన్న మాత్రం 150 డిగ్రీలకే మాడుతుంది.

డబ్బాల్లో ఒత్తిడితో నింపి అమ్మే స్ప్రేలు వాడకపోవడం మేలు. వాటిలో కలిపే లెసిథిన్ అనే కొవ్వు పదార్థం బుట్ట పూత మీద జిగటగా పేరుకుని, ఎంత తోమినా వదలదు. మామూలు పంపు సీసాలో నూనె పోసుకోండి. అయితే వేడిగా ఉన్న పరికరంలోకి ఎన్నడూ చిమ్మకండి, తీగ మీద పడిన తుంపర అంటుకోవచ్చు. బుట్టను బయటికి తీసి, గట్టు మీద పెట్టి చల్లాలి. బీచ్ రోడ్డులో దొరికే మిరపకాయ బజ్జీలాంటిది ఇందులో రాదు. జారుడు పిండి రంధ్రాల గుండా కారిపోతుంది, ఎంత నూనె చల్లినా ప్రయోజనం ఉండదు.

చర్మంతో ఉన్న కోడిమాంసం తన కొవ్వునే వదులుతుంది కనుక దానికి నూనె అక్కర్లేదు. వేగాక బుట్టను, కింది సొరుగును కలిపి పళ్లెంలోకి ఒంచితే అడుగునున్న వేడి కొవ్వు చేతి మీద పడుతుంది. ముక్కలను పట్టకారుతోనే తీయాలి. మధ్యలో దట్టంగా పొగ వస్తే స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, సొరుగు తెరవకుండా పొగ తగ్గేవరకు ఆగాలి. నీళ్లు పోయకూడదు.

పూర్తిగా చల్లారాక సొరుగులోని జిడ్డును కాగితంతో తుడిచి చెత్తలో వేసి, ఆ తరువాతే సబ్బుతో కడగాలి. పరికరాన్ని తలకిందులు చేసి, పైతీగను తడిగుడ్డతో మెల్లగా తుడిచి, ఆరనివ్వాలి. మర్నాడు అప్పడాలు వేయించినప్పుడు చేప వాసన వస్తోందంటే తీగకు జిడ్డు ఇంకా మిగిలి ఉందన్నమాట. చల్లారాక మరోసారి తుడవాలి.