విలోమ లాప్లాస్ గ్రాఫ్ దారి తప్పినప్పుడు: సమస్య - పరిష్కారం

రాయగడలో నాగావళికి దగ్గరగా ఉన్న మా ఇంటికి సెలవు రోజుల్లో ఎమ్మెస్సీ విద్యార్థులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వస్తుంటారు. పాఠం ఒడియాలోనో ఇంగ్లీషులోనో విన్నా సందేహం మాత్రం తెలుగులోనే అడుగుతారు కనుక, వారు తరచుగా తెచ్చే చిక్కులను తెలుగులోనే రాసిపెడుతున్నాను.

సమస్య: గ్రాఫ్ కొంతదూరం బాగానే వచ్చి, తరవాత సున్నా గీతకు అతుక్కుపోతుంది.

విలోమ లాప్లాస్ అంటే ఎస్‌లో ఉన్న ప్రమేయం నుంచి కాలం టిలో ఉన్న అసలు ప్రమేయాన్ని రాబట్టడం. 1/(ఎస్² + 1) అనే ప్రమేయాన్ని తీసుకుందాం. దీని జవాబు సైన్ టి అని అందరికీ తెలుసు. దానిని ఫిక్స్‌డ్ టాల్బట్ పద్ధతిలో (సంకీర్ణ తలంలో ఒక వంపు గీత మీది బిందువుల వద్ద విలువలు కూడి జవాబు రాబట్టే పద్ధతి) 20 బిందువులతో గీస్తే, రెండో అల చివరికి వచ్చేసరికి గీత వంకరపోతుంది. టి విలువ 12.57 దగ్గర పైకీ కిందికీ ఎగిరిపడి, మరికొంత దూరంలో సున్నాకు దిగిపోతుంది.

కారణం: ఈ పద్ధతిలో కంటూర్ (ఆ వంపు గీత) పరిమాణం, బిందువుల సంఖ్యకు రెట్టింపును 5టితో భాగిస్తే వచ్చేంత ఉంటుంది కాబట్టి టి పెరిగేకొద్దీ కంటూర్ ముడుచుకుపోతుంది. కల్పిత అక్షాన్ని అది ఈ పరిమాణానికి π/2 రెట్ల ఎత్తున దాటుతుంది. 20 బిందువులకు టి = 4π అయినప్పుడు ఆ ఎత్తు సరిగ్గా 1; ధ్రువాలు (ప్రమేయం అనంతమయ్యే బిందువులు) ±ఐ ఉన్నది అక్కడే, పైగా లెక్కించే బిందువు ఒకటి నేరుగా ధ్రువం మీదే పడుతుంది. అది దాటాక ధ్రువాలు కంటూర్‌కు బయటే ఉండిపోతాయి గనుక లోపల లెక్కకు వచ్చేది ఏమీ మిగలదు.

పరిష్కారం: టి 30 దాకా కావాలంటే 60 బిందువులు తీసుకోండి. అయితే మధ్యలో వచ్చే సంఖ్యలు 10¹⁰ దాటుతాయి కనుక మామూలు 16 అంకెల్లో పది అక్కడే పోతాయి. అందుకే ఎంపీమ్యాథ్ అనే పైథాన్ లైబ్రరీలో అంకెల సంఖ్యను 30కి పెంచాకే లెక్క మొదలుపెట్టాలి. ఇటువంటి డోలన ప్రమేయాలకు నేనైతే మొదటే డి హూగ్ అనే మరో విలోమ పద్ధతి ఎంచుకుంటాను.

సమస్య: ఎర్రర్ ఏదీ రాదు, జవాబు మాత్రం తప్పు.

1/√(ఎస్² + 1) నుంచి బెసెల్ ప్రమేయం రావాలి; టి = 5 వద్ద దాని విలువ −0.1776. సాఫ్ట్‌వేర్ వర్గమూలానికి ప్రధాన శాఖనే (రెండు మూలాల్లో వాస్తవ భాగం ఋణం కానిదాన్నే) తీసుకుంటుంది కాబట్టి, బ్రాంచ్ కట్‌లు (విలువ ఒక్కసారిగా మారిపోయే గీతలు) ±ఐ నుంచి కల్పిత అక్షం వెంట అనంతం దాకా పోతాయి, టాల్బట్ కంటూర్ వాటిని అడ్డంగా దాటుతుంది. హారాన్ని √(ఎస్ + ఐ) · √(ఎస్ − ఐ) అని విడదీసి రాస్తే కట్‌లు ఎడమవైపు తిరుగుతాయి, జవాబు కుదురుతుంది. కాగితం మీద రెండూ ఒకటేనని వాదించే విద్యార్థికి ఈ రెండు గ్రాఫులనూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

సమస్య: స్టెహ్‌ఫెస్ట్ అనే విలోమ పద్ధతిలో పదాలు పెంచేకొద్దీ గ్రాఫ్ రంపపు పళ్ళలా మారుతుంది.

బావి నుంచి నీరు తోడినప్పుడు మట్టం ఎంత దిగుతుందో లెక్కించేవారికి ఇది ఎక్కువగా ఎదురవుతుంది. 10 పదాలకే గుణకాలు 3,75,911 దాకా పోయి, గుర్తులు మారుతూ ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. పదాల సంఖ్యకు సుమారు 1.1 రెట్ల అంకెలు కావాలి. మామూలు ఖచ్చితత్వంలో 14 దాటకండి. డోలనాలకు ఈ పద్ధతి అసలు పనికిరాదు.

సమస్య: సమాకలని విలువ సున్నా, దోషం అంచనా కూడా సున్నా.

ఇది విలోమ లాప్లాస్‌ది కాదు, మామూలు సమాకలనంలో వచ్చే చిక్కు. 700 దగ్గర సన్నని శిఖరం ఉన్న ప్రమేయాన్ని సైపై అనే పైథాన్ లైబ్రరీలో సమాకలనం చేసే క్వాడ్ ఫంక్షన్‌కు 0 నుంచి 10,000 వరకు ఇస్తే, దాని 21 బిందువుల్లో ఒక్కటీ శిఖరం మీద పడదు. పాయింట్స్ అనే ఆర్గ్యుమెంట్‌లో 700 ఇవ్వండి.