కత్తి తగిలినా దెబ్బ పడట్లేదా? పాత ఫాంటసీ యాక్షన్ గేమ్‌ని ఇంటి కన్సోల్‌కి తెచ్చేవాళ్ల కోసం: సమస్య - పరిష్కారం

పగలంతా రుషికొండ ఆఫీసుల్లో పనిచేసి, రాత్రి ఇంటికొచ్చి పాత కన్సోళ్ల కోసం కోడ్ రాసుకునే కుర్రాళ్లు వైజాగ్‌లో ఉన్నారు. కత్తి, మంత్రం, డ్రాగన్, పక్కపక్కన నడిచే ఇద్దరు ఆటగాళ్లు ఉండే ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే పెద్ద యంత్రం) తరహా గేమ్‌ని టీవీ ముందుకి తేవాలనుకునేవాళ్లకి పదేపదే ఎదురయ్యే చిక్కుల గురించి రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా సెగా కంపెనీ కన్సోల్ మెగా డ్రైవ్ నుంచి ఇస్తాను. అలాంటి గేమే అయిన గోల్డెన్ యాక్స్ 1989లో సెగా సిస్టమ్ 16 ఆర్కేడ్ బోర్డు మీద వచ్చి, ఆ ఏడాదే మెగా డ్రైవ్‌కి కూడా వచ్చింది. రెండిట్లోనూ ఉన్నది 68000 ప్రాసెసరే. ఆర్కేడ్‌కీ ఇంటికీ తేడా ఎక్కడుందో చూడటానికి ఇంతకంటే మంచి జత దొరకదు.

పేరున్న గేమ్ అయితే దాని బొమ్మలు, సంగీతం, పేరు అన్నీ హక్కుదారులవి. అనుమతి లేకుండా పోర్ట్ చేసి (ఇంకో యంత్రానికి తెచ్చి) పంచిపెట్టకండి. సొంత బొమ్మలతో అలాంటి గేమే రాసుకోండి. కింద చెప్పినవన్నీ దానికీ పనికొస్తాయి.

లోపం ఏదైనా ముందు టైమింగ్ చూడమంటాను. రంగు కాస్త మాసినా ఆడేవాళ్లు సర్దుకుంటారు. నొక్కగానే కత్తి లేవకపోతే మాత్రం ప్యాడ్ పక్కన పెట్టి వెళ్లిపోతారు.

సమస్య: గేమ్ మొత్తం మోకాలి లోతు నీళ్లలో నడుస్తున్నట్టుంది

కారణం: మన దేశంలో పాత టీవీలు పాల్ పద్ధతివి. సెకనుకి 50 సార్లు తెర గీస్తాయి. జపాన్, అమెరికా టీవీలు 60 సార్లు గీస్తాయి. పాత గేములు కాలాన్ని గడియారంతో కాకుండా ఫ్రేములతో (తెర ఒక్కసారి గీస్తే ఒక ఫ్రేము) లెక్కపెట్టేవి. అందుకే 60కి రాసిన గేమ్ 50 మీద దాదాపు 17 శాతం నెమ్మదిస్తుంది. 60 సెకన్లలో అయ్యే పోరు 72 సెకన్లు సాగుతుంది. అనుమానం ఉంటే వీరుణ్ణి తెర ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి, తేలిపోతుంది.

పరిష్కారం: చాలామంది వేగాలన్నిటినీ 1.2తో గుణించేస్తారు. నడక సరిపోతుంది కానీ, కత్తి గాల్లో ఉండే ఫ్రేములు, దెబ్బ తిన్నాక ఇంకో దెబ్బ తగలని ఫ్రేములు కూడా మారాలి కదా. 6 ఫ్రేములుంటే 5 చేయొచ్చు. 3 ఉంటే రెండున్నర ఫ్రేములు ఎక్కణ్ణుంచి తెస్తారు? నాకు నచ్చిన పద్ధతి ఇంకొకటుంది. ప్రతి 5 ఫ్రేములకీ లాజిక్‌ని (కదలికలు, దెబ్బలు లెక్కవేసే కోడ్‌ని) 6 సార్లు నడపండి, బొమ్మ మాత్రం 5 సార్లే గీయండి. అసలు లెక్కలేవీ ముట్టుకోనక్కర్లేదు. సంగీతం డ్రైవర్‌ని (పాట వాయించే కోడ్‌ని) కూడా ఇదే లెక్కలో నడపండి, లేకపోతే పాట వెనకబడుతుంది.

ఇక్కడ ఒక చోట జాగ్రత్త పడాలి. ఒకే ఫ్రేములో లాజిక్ రెండుసార్లు నడిచినప్పుడు, 'బటన్ ఇప్పుడే నొక్కారు' అనే గుర్తు రెండుసార్లూ నిజమైతే ఒక్క నొక్కుకి రెండు దెబ్బలు పడతాయి. మొదటిసారి చదవగానే ఆ గుర్తు చెరిపేయండి. 'నొక్కి పట్టుకున్నారు' అనే గుర్తు మాత్రం అలాగే ఉంచండి.

ఇప్పటి కన్సోళ్లలో కథ తిరగబడుతుంది. 120 హెర్ట్జ్ (సెకనుకి 120 సార్లు గీసే) టీవీ మీద అదే గేమ్ రెట్టింపు వేగంతో పరిగెడుతుంది. తెర ఎంత వేగంగా గీస్తున్నా లాజిక్‌ని సొంత గడియారం మీద నడపడమే దీనికి మందు. ఆ వేగం ఎంతో అసలు బోర్డు చూసి తెలుసుకోవాలి, అన్నీ 60 అనుకోకూడదు. ఐరెమ్ కంపెనీ ఎం72 ఆర్కేడ్ బోర్డు గేములు 55 హెర్ట్జ్ మీద నడిచేవి.

సమస్య: కత్తి తగిలినట్టే కనిపిస్తుంది, శత్రువు మాత్రం పడడు

గేమ్‌ని ఎంవీపీ కాలనీలో ఏ అపార్ట్‌మెంట్ పిల్లలకైనా ఇచ్చి చూడండి, నిమిషంలో చెప్పేస్తారు: "కొట్టీసేను కదన్నా, ఆడు పడలేదేటి?" ఈ ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. వరసగా ఒక్కొక్కటీ తీసేసుకుంటూ రావాలి.

మొదట టీవీ. కొత్త టీవీలు బొమ్మని అందంగా చేయడానికి కొంత సమయం మింగేస్తాయి. గేమ్ మోడ్ వేసి చూడండి. తేడా తెలిస్తే మీ కోడ్‌లో తప్పు లేదు.

తర్వాత ప్యాడ్. ఫోన్లో 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో పెట్టి, బటన్ మీది బొటనవేలూ తెరా రెండూ కనబడేలా తీయండి. 60 హెర్ట్జ్ గేమ్‌లో ఒక్క ఫ్రేము అంటే వీడియోలో నాలుగు ఫ్రేములు. వేలు కిందికి దిగిన దగ్గర్నుంచి కత్తి కదిలేవరకు లెక్కపెట్టండి. పాత ట్యూబ్ టీవీ మీద కూడా ఒక ఫ్రేము అదనంగా పోతోందంటే, ప్యాడ్‌ని లాజిక్ అయిపోయాక చదువుతున్నారేమో చూడండి. వీబ్లాంక్ (ఒక ఫ్రేము గీయడం అయ్యాక తర్వాతిది మొదలయ్యేలోపు ఖాళీ) రాగానే ప్యాడ్ చదవాలి, ఆ తర్వాత లాజిక్, ఆఖర్న స్ప్రైట్ల (తెర మీద కదిలే బొమ్మల) జాబితా.

మూడోది, బొమ్మకీ లెక్కకీ పొత్తు కుదరకపోవడం. లాజిక్ దృష్టిలో కత్తి అప్పటికే కిందికి వచ్చేసింది, తెర మీద ఇంకా తలపైనే ఉంది. కొత్త ఫ్రేము బొమ్మ వీడియో మెమరీకి ఆలస్యంగా చేరితే ఇలా అవుతుంది. డీబగ్ బిల్డ్‌లో (తప్పులు వెతకడానికి కట్టుకునే వెర్షన్‌లో) దెబ్బ పెట్టె (కత్తి తగిలే చోటని లాజిక్ లెక్కవేసే పెట్టె) చుట్టూ గీత గీసి, ఫ్రేము ఫ్రేముకీ ఆపి చూడండి. పెట్టె ముందు వెళ్తూ కత్తి వెనక వస్తుంటే, బొమ్మ చేరాకే దెబ్బ పెట్టె తెరుచుకునేలా మార్చండి.

నాలుగోది ఈ తరహా గేముల్లోనే వస్తుంది. గోల్డెన్ యాక్స్‌లో మనుషులు ఎడమకీ కుడికీ మాత్రమే కాదు, లోపలికీ బయటికీ కూడా నడుస్తారు. కాబట్టి ఇద్దరి పాదాలు దాదాపు ఒకే గీత మీద ఉన్నాయా అని కూడా చూడాలి. ఎత్తు ఎక్కువున్న రాక్షసుడికి తల నుంచి కొలిస్తే ఎప్పుడూ తప్పే. పాదాల నుంచి కొలవండి. ఆ గీతలో ఎంత తేడాని ఒప్పుకోవాలన్నది అసలు గేమ్‌లో ఎంతుందో అంతే ఉంచండి. పెంచితే దూరంగా ఉన్నవాళ్లకి కూడా దెబ్బలు తగులుతాయి, తగ్గిస్తే పిల్లలు మళ్లీ అదే మాట అంటారు.

సమస్య: నలుగురైదుగురు ఒకేసారి కత్తి ఎత్తితే తెర మీద చెత్త గళ్లు పడుతున్నాయి. 50 హెర్ట్జ్‌లో బాగుంది, 60కి మార్చగానే మొదలైంది

కారణం పూర్తిగా లెక్కలోనే ఉంది. 64 పిక్సెళ్ల వెడల్పు, 96 ఎత్తు ఉన్న వీరుడి ఒక్క భంగిమకి 8 బై 8 పిక్సెళ్ల గళ్లు 96 కావాలి. గడికి 32 బైట్లు, మొత్తం 3,072 బైట్లు. ఐదుగురి భంగిమలూ ఒకే ఫ్రేములో మారితే 15,360 బైట్లు. తెర గీయని ఖాళీలోనే ఇదంతా వేగంగా చేరాలి. 60 హెర్ట్జ్‌లో తెర మీది 262 అడ్డ గీతల్లో 224 బొమ్మకే పోతే మిగిలేవి 38. 320 వెడల్పు మోడ్‌లో ఆ కాస్త సమయంలో డీఎంఏ (డేటాని నేరుగా వీడియో మెమరీకి చేర్చే ఏర్పాటు) మోసేది సుమారు 7 కిలోబైట్లు. 50 హెర్ట్జ్‌లో 313 గీతలు, ఖాళీ 89, మోసే బరువు రెండింతలకి పైగా. అందుకే మన టీవీ మీద తప్పు బయటపడదు. మిగతావాళ్ల టీవీ మీద బయటపడుతుంది.

పరిష్కారం: భంగిమలన్నీ ఒకే ఫ్రేములో మారనివ్వకండి. అభ్యర్థనలు వరసలో పెట్టి, ఫ్రేముకి ఇంత అని హద్దు పెట్టండి. ఆటగాళ్లకి ముందు వరస, దెబ్బ కొడుతున్న శత్రువుకి రెండోది, ఊరికే నడుస్తున్నవాళ్లు ఒక ఫ్రేము ఆగినా ఎవరికీ తెలీదు. దీనికంటే ముందు ఖాళీ గళ్లు కత్తిరించండి. కత్తి దించి నిలబడ్డ భంగిమకి నిజంగా 96 గళ్లు అక్కర్లేదు. ఎస్‌జీడీకే (మెగా డ్రైవ్ గేములు రాయడానికి వాడే కిట్) వాడుతుంటే స్ప్రైట్ ఇంజన్ ఈ పనిలో కొంత తనే చూసుకుంటుంది, కానీ పెట్టెలు పెద్దగా గీసిచ్చి అంతా అదే చూసుకోవాలంటే కుదరదు.

సమస్య: ఆరో మనిషి వస్తే ఒకరి నడుము మాయమవుతోంది

కారణం: మెగా డ్రైవ్ 320 మోడ్‌లో తెర మీది ఒక్క అడ్డ గీత మీద 20 స్ప్రైట్లు, లేదా 320 స్ప్రైట్ పిక్సెళ్లు. ఏది ముందు నిండితే అక్కడ ఆగిపోతుంది. 64 వెడల్పు మనుషులు ఐదుగురితో 320 నిండింది. ఆరోవాడికి చోటు లేదు.

పరిష్కారం: శత్రువుల తెలివిలోనే హద్దు పెట్టండి. ఇద్దరు కలబడుతుంటే మిగతావాళ్లు లోపలి గీతకో బయటి గీతకో జరగాలి. చూడ్డానికి కూడా చుట్టుముట్టినట్టు బాగుంటుంది. అదీ చాలకపోతే స్ప్రైట్ల వరసని ఫ్రేము ఫ్రేముకీ మార్చండి. మాయమయ్యే బదులు మిణుకుమంటుంది. నింటెండో పాత కన్సోల్ ఫ్యామికామ్‌లో గీతకి 8 స్ప్రైట్లే కాబట్టి ఆ గేముల్లో మిణుకు మామూలు. చిన్న కన్సోల్‌కి తెస్తుంటే ఇంకా కఠినంగా ఉండాలి. సెగా చిన్న కన్సోల్ మాస్టర్ సిస్టమ్‌కి వచ్చిన గోల్డెన్ యాక్స్‌లో ముగ్గురు వీరుల్లో ఒక్కణ్ణే ఉంచి, ఇద్దరు కలిసి ఆడటం తీసేశారు. ఆ నిర్ణయం నాకు బాధగానే ఉంటుంది, కానీ ఆ యంత్రానికి అది న్యాయమే.

సమస్య: ఎమ్యులేటర్‌లో (పీసీలో కన్సోల్‌ని అనుకరించే ప్రోగ్రామ్‌లో) బాగుంది, అసలు కన్సోల్‌లో నల్ల తెర

కోడ్ ముట్టుకునే ముందు గేమ్ క్యాసెట్ అంచున ఉండే లోహపు కాళ్లు చూడండి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఇళ్లలో ఉప్పు గాలికి రాగి పచ్చబారిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. నోటితో ఊదే అలవాటు మానేయండి, ఆ తడే తుప్పు తెస్తుంది. క్యాసెట్లు మూత గట్టిగా ఉన్న డబ్బాలో, సిలికా జెల్ ప్యాకెట్లు వేసి దాచండి. జపాన్ నుంచి తెప్పించిన కన్సోల్ అయితే దాని అడాప్టర్ 100 వోల్టులది. మన 230 ప్లగ్గులో నేరుగా పెట్టకండి, స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

అయినా నల్లగానే ఉంటే రెండు అనుమానాలు. ఒకటి, బేసి మెమరీ అడ్రసు. 68000 రెండు బైట్ల విలువని సరి అడ్రసు నుంచే చదువుతుంది. బేసి దగ్గర అడిగితే అక్కడే ఆగిపోతుంది. పీసీ ప్రాసెసర్లు దీన్ని పట్టించుకోవు, కొన్ని ఎమ్యులేటర్లూ పట్టించుకోవు. లెవెల్ డేటాలో ఒక బైటు, దాని వెనక రెండు బైట్లు పెట్టి ప్యాక్ చేసుంటే అక్కడే వెతకండి. రెండోది, మెమరీ సున్నాతో మొదలవుతుందన్న నమ్మకం. ఎమ్యులేటర్ శుభ్రమైన మెమరీ ఇవ్వొచ్చు, అసలు చిప్పులో ఏముంటుందో చెప్పలేం. ప్రతి వేరియబుల్‌కీ మొదటి విలువ మీరే రాయండి.

సమస్య: స్కోరు 1 రావాల్సిన చోట 256 వస్తోంది

68000 పెద్ద బైటుని ముందు పెడుతుంది, ఇప్పటి కన్సోళ్లు చిన్నదాన్ని ముందు పెడతాయి. పాత డేటాని కొత్త కన్సోల్‌లో ఉన్నదున్నట్టు చదివితే 1 కాస్తా 256 అవుతుంది. ఫైల్ చదివే ఒక్క చోటే బైట్లు తిప్పేయండి. గేమ్ కోడంతా తిరుగుతూ అక్కడక్కడా తిప్పితే ఎప్పటికీ తెమలదు.

సమస్య: కత్తి ఊపితే పాటలో ఒక వాయిద్యం ఆగిపోతోంది, అరుపులు గరగరమంటున్నాయి

ఆర్కేడ్ బోర్డులోని వైఎం2151 శబ్దాల చిప్పుకి 8 ఎఫ్ఎం ఛానళ్లు (ఒక్కోదాంట్లో ఒక్కో వాయిద్యం మోగుతుంది). మెగా డ్రైవ్ వైఎం2612కి 6, వాటిలో ఆరోది శాంపిల్ (రికార్డు చేసిన) శబ్దాలకి పోతుంది. పాటని 8 ఛానళ్లకి రాసి ఉన్నదున్నట్టు తెస్తే కత్తి చప్పుడుకి చోటే ఉండదు. పాటని 4 ఎఫ్ఎం ఛానళ్లకి కుదించి, ఒకటి శబ్దాలకి వదిలేయండి. గలగల, టింగుటింగు లాంటివి పీఎస్‌జీకి (మెగా డ్రైవ్‌లోనే ఉన్న ఇంకో చిన్న శబ్దాల చిప్పుకి) పంపండి. గరగరకి కారణం వేరు: డీఎంఏ నడుస్తున్నంతసేపూ శబ్దాలు చూసుకునే రెండో ప్రాసెసర్ జెడ్80 క్యాసెట్ నుంచి శాంపిల్ చదవలేక ఆగుతుంది. పైన చెప్పినట్టు బొమ్మల బరువు తగ్గిస్తే సగం తగ్గుతుంది. ఎస్‌జీడీకేతో వచ్చే ఎక్స్‌జీఎం సంగీతం డ్రైవర్ శాంపిళ్లని ముందే కొంత తెచ్చి పెట్టుకుంటుంది కాబట్టి మిగతాది కూడా సర్దుకుంటుంది.

సమస్య: గేమ్ చప్పగా, తేలిగ్గా అయిపోయింది

దీనికి రెండు మూలాలు. కొత్త ఇంజన్‌లోని రెడీమేడ్ గెంతు వాడితే గాల్లో కూడా దిశ మార్చుకోవచ్చు. 1985 నాటి క్యాప్‌కామ్ గేమ్ గోస్ట్స్ ఎన్ గోబ్లిన్స్‌లో ఆర్థర్ ఒకసారి గెంతాక దారి మారదు, దిగినచోటే దిగాలి. ఆ గేమ్ భయమంతా ఆ ఒక్క నియమంలో ఉంది. గాల్లో మళ్లే వీలిస్తే ప్రతి దయ్యమూ తేలికే. కొత్తవాళ్ల కోసం సులభం అని వేరే మోడ్ పెట్టండి, అసలు మోడ్‌లో గెంతుని ముట్టుకోకండి.

రెండోది నాణేలు. ఆర్కేడ్ గేమ్ జేబులో బిళ్లలు అయిపోయేలా తూచి చేసింది. ఇంట్లో క్రెడిట్లు అంతులేకుండా ఇస్తే అరగంటలో చివరికి చేరతారు. అందుకే క్రెడిట్లు లెక్కగా ఇవ్వండి, వీలైతే ఇంటి కోసం కొంత కొత్తగా చేర్చండి. గోల్డెన్ యాక్స్ మెగా డ్రైవ్‌లో ఆర్కేడ్ ముగింపు దాటాక ఇంకో పెద్ద విలన్ ఉన్నాడు, డ్యుయెల్ మోడ్ ఉంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా అసలు ఆటలో 12 లెవెళ్లు, 60 నిమిషాలు. సూపర్ నింటెండోకి వచ్చేసరికి 20 లెవెళ్లు, 120 నిమిషాలు అయ్యింది.

సమస్య: పెద్ద టీవీలో వీరుడు లావుగా, పిక్సెళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి

పాత బొమ్మ 4:3 టీవీ కోసం గీసింది. 16:9కి సాగదీస్తే లావవుతుంది. 1080 గీతల తెర మీద 224ని సరిగ్గా 4 రెట్లు చేస్తే 896, పైనా కిందా నల్ల పట్టీలొస్తాయి. 5 రెట్లు చేస్తే 1120, కొంచెం కోసుకుపోతుంది. మధ్యలో భిన్నం వాడితే కొన్ని గీతలు మందంగా, కొన్ని సన్నగా వచ్చి తెర జరిగినప్పుడల్లా నేల వణుకుతుంది. మామూలుగా 4 రెట్లు పెట్టి, మిగతావి ఆటగాళ్లకి మెనూలో వదిలేయండి. 5 రెట్లు ఎంచుకుంటే ప్రాణాల గీత, మంత్రం సీసాలు కోతలో పోకుండా లోపలికి జరపండి.