ఇంటెన్సివ్ ట్రైనింగ్‌లో నేర్చుకున్న పని తలలో నిలవాలంటే ఎలా చేయాలి?

ఉద్యోగంలో చేరగానే ఆరు వారాలో ఎనిమిది వారాలో రోజంతా ట్రైనింగ్. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కొత్త విషయాలు, మధ్యమధ్యలో ప్రాక్టీస్, వారం చివర పరీక్ష, అన్నీ పాసైతేనే అసలు పనిలోకి. ఈ దారిలో నేను రెండుసార్లు ట్రైనీగా నడిచాను. తర్వాత చాలా బ్యాచ్‌లకు నేనే నేర్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ బాగా కష్టపడే పిల్లలు కొందరు తప్పుతుంటే చూసి బాధపడ్డాను. అర్ధరాత్రి దాకా నోట్స్ చదువుతారు, వాక్యాల కింద రంగురంగుల గీతలు గీస్తారు. తెల్లారి పని ముందు నిలబెడితే రెండో అడుగు దగ్గరే చేయి ఆగిపోతుంది. వాళ్లకు తెలివి తక్కువై కాదు. సాయంత్రం చేయాల్సిన ఒక్క పనిని చేయకపోవడం వల్ల, లేదా చేసినా తప్పుగా చేయడం వల్ల. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ఒక్క పని గురించే. మిగతావి త్వరగా చెప్పేస్తాను.

కావలసినవి

జేబులో పట్టే చిన్న నోట్‌బుక్, విడి తెల్లకాగితాల కట్ట, ఒక నల్ల పెన్ను, ఒక ఎర్ర పెన్ను. అంతే. ల్యాప్‌టాప్‌లో నోట్స్ రాయకండి. వేగంగా టైప్ చేసే చేయి ట్రైనర్ అన్న ప్రతి మాటనూ దించేస్తుంది, ఏది ముఖ్యమో తేల్చుకునే అవసరమే రాదు. పెన్ను నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఏది రాయాలో, ఏది వదలాలో మీరే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయంలోనే సగం చదువు ఉంది.

మొదటి రోజు

నాలుగు విషయాలు కనుక్కుని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి: పరీక్షలు ఏ రోజుల్లో, పాస్ మార్కు ఎంత, తప్పితే ఇంకో అవకాశం ఉందా, దేన్ని కొలుస్తారు. చివరిది చాలామంది అడగరు. కొన్నిచోట్ల వేగం చూస్తారు, కొన్నిచోట్ల తప్పులు లేకపోవడం చూస్తారు, కొన్నిచోట్ల కస్టమర్‌తో మాట్లాడే తీరు చూస్తారు. అది తెలియకుండా ప్రాక్టీస్ మొదలుపెడితే రెండు వారాలు వేగం పెంచుకోవడానికే పోతాయి, మార్కులేమో తప్పులు లేనందుకు వేస్తుంటారు.

క్లాసులో

తక్కువ రాయండి. అడుగుల వరుస, అంకెలు, ట్రైనర్ "ఎందుకంటే" అన్న తర్వాత వచ్చే మాట. ఈ మూడూ చాలు.

మనసు ఒకేసారి పట్టి ఉంచుకోగలిగేవి చాలా కొద్ది, సుమారు నాలుగు అంశాలని మనస్తత్వ పరిశోధకుడు నెల్సన్ కోవన్ 2001లో లెక్క తేల్చారు. తొమ్మిది అడుగుల పనిని ట్రైనర్ ఒక్క ఊపున చూపిస్తే మొత్తం పట్టేద్దామని చూడకండి. మూడేసి అడుగులు ఒక గుంపుగా కట్టి, ప్రతి గుంపుకూ మీదైన పేరు ఒకటి పెట్టుకోండి. "సరిచూడడం", "అనుమతి", "ఎక్కించడం", అలాగన్నమాట.

ఏదైనా పని చేయమని చెప్పినప్పుడు, చేసే ముందు ఆ మాటను మీ నోటితో తిరిగి చెప్పండి. విమానాల పైలట్లు కంట్రోలర్ ఇచ్చిన ముఖ్యమైన ఆదేశాన్ని తిరిగి చదివి వినిపిస్తారు. తప్పుగా విని ఉంటే అవతలివాళ్లు అక్కడికక్కడే సరిదిద్దుతారు. అంత అనుభవం ఉన్నవాళ్లే అలా చేస్తున్నప్పుడు చేరి మూడు రోజులైన మనకు మొహమాటం ఎందుకు? గంగిరెద్దులా తలూపి తర్వాత తప్పు చేయడం కంటే ఇది వంద రెట్లు నయం.

సాయంత్రం తెల్లకాగితం: ఇక్కడే అందరూ తప్పుతారు

క్లాసు అయిపోయిన అరగంటలోపు, ఇంకా ఆ బిల్డింగ్‌లో ఉండగానే, ఫోన్ చేతిలోకి తీసుకోకముందే ఒక తెల్లకాగితం ముందు పెట్టుకోండి. నోట్‌బుక్ మూసి బ్యాగులో పెట్టేయండి. బల్ల మీద ఉంచకూడదు. కాగితం పైన ఆ రోజు నేర్చుకున్న ఒక పని పేరు రాయండి. కింద ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా, ఏమీ చూడకుండా, మీ మాటల్లో నల్ల పెన్నుతో రాయండి. ఇరవై నిమిషాలు. ఒక కాగితానికి ఒకే పని.

మధ్యలో ఏదో అడుగు గుర్తురాదు. అక్కడ ఒక గీత ఖాళీ వదిలి, ప్రశ్నార్థకం పెట్టి ముందుకు వెళ్లండి. బ్యాగు తెరవకండి. ఈ ఒక్క మాట మీద నేను ఎంత కఠినంగా ఉంటానో నా దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ తెలుసు. "ఒక్కసారి చూసి మళ్లీ మూసేస్తానండీ" అంటారు. ఒక్కసారి చూశారంటే ఆ కాగితం పాడైపోయినట్టే. గుర్తుకు తెచ్చుకోవడానికి పడే ఆ పెనుగులాటే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. చూసి రాసింది నకలు, అంతే.

ఇరవై నిమిషాలయ్యాక నోట్‌బుక్ తీయండి. ఇప్పుడు ఎర్ర పెన్ను. వదిలేసిన అడుగు, తారుమారైన వరుస, తప్పు రాసిన అంకె మాత్రమే ఎర్రగా దిద్దండి. సరిగ్గా రాసినదాన్ని ముట్టుకోవద్దు. తర్వాత ప్రతి అడుగు పక్కనా ఒక చిన్న మాట రాయండి: ఈ అడుగు వదిలేస్తే ఏమవుతుంది? అది రాయలేకపోయారంటే ఆ అడుగు మీకు వరుసలో ఒక అంకెగా మాత్రమే గుర్తుంది, అర్థం కాలేదు. అక్కడ కూడా ఎర్ర చుక్క పెట్టండి.

మొదటి వారం చాలా బాధగా ఉంటుంది. తొమ్మిది అడుగుల్లో నాలుగే వస్తాయి. పక్కవాళ్లు నోట్స్ చదువుకుంటూ హాయిగా కనిపిస్తారు, మీకేమో కాగితం నిండా ఎర్ర గీతలే. చాలామంది మూడో రోజు ఇక్కడే ఆపేస్తారు. దయచేసి ఆపకండి. ఆ బాధను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే పరిశోధన ఒకటి ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని పదేపదే చదివించారు. మరికొందరి చేత ఒక విడత చదివించి, ఆ తర్వాత చూడకుండా మూడుసార్లు గుర్తు తెచ్చుకుని రాయించారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే పదేపదే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తిరగబడింది: చదివినవాళ్లకు సుమారు 40 శాతం గుర్తుంటే, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు సుమారు 61 శాతం గుర్తుంది. మాకు బాగా గుర్తుంటుందని ముందుగా ఎక్కువ ధీమా చూపించింది మాత్రం చదివినవాళ్లే. రాత్రి నోట్స్ చదివినప్పుడు కలిగే "నాకు వచ్చేసింది" అన్న భావనను అందుకే నేను నమ్మను. ట్రైనర్ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పినప్పుడు కలిగేదీ అదే భావన. అది ఆయన నేర్పు. మీ చేతికి ఇంకా ఏమీ రాలేదు.

మరి వెంటనే ఎందుకు, ఇంటికెళ్లి భోజనం చేశాక రాస్తే ఏం? 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే కొలుచుకున్నాడు. మరుపు అన్ని రోజులూ ఒకే తీరుగా సాగదని, మొదటి గంటల్లోనే ఎక్కువగా జారిపోతుందని, తర్వాత నెమ్మదిస్తుందని ఆయన లెక్కలు చూపాయి. మన పాఠాలకు అర్థం ఉంటుంది కాబట్టి అంత వేగంగా పోవు. అయినా రాత్రి పదింటికి అలసిన తలతో కూర్చుంటే పొద్దున చెప్పిన "ఎందుకంటే" మాటలు ముందుగా పోతాయి. అవి పోతే అడుగులు ఎండుటాకుల్లా మిగులుతాయి.

ఇంకా ఎక్కడెక్కడ తప్పుతారో చెబుతాను. కొందరు హెడింగులు మాత్రమే రాసి సరిపెడతారు. "బిల్లు చూడాలి" అని రాస్తే చాలదు, బిల్లులో ఏం చూడాలి, తేడా ఉంటే ఎవరికి చెప్పాలి అన్నది రాయాలి. కొందరు ఇద్దరు ముగ్గురు కలిసి రాస్తారు. అందులో ఒకరికి గుర్తొస్తుంది, మిగతావాళ్లు "ఆ, అవును కదా" అంటారు. ఆ "అవును కదా" పరీక్షలో తోడు రాదు. కలిసి చదవాలనుకుంటే ముందు ఎవరి కాగితం వాళ్లు పూర్తి చేసి, తర్వాత పోల్చుకోండి. కొందరు క్లాసును రికార్డు చేసుకుని ఆదివారం వింటామంటారు. అన్ని గంటల రికార్డింగును మళ్లీ వినే తీరిక ఈ ట్రైనింగుల్లో ఎవరికీ దొరకదు. దొరికినా అది మళ్లీ వినడమే, చేయడం కాదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా అనుభవమే. మొదటిసారి ట్రైనీగా ఉన్నప్పుడు, తిరిగొచ్చిన సరుకును స్టాకులోకి ఎక్కించే పని నేర్పారు. పాత బిల్లు సరిచూడాలి, సరుకు బాగుందో లేదో చూడాలి, సూపర్‌వైజర్ అనుమతి తీసుకోవాలి, ఆ తర్వాతే ఎంట్రీ. మూడు రాత్రులు నోట్స్ చదివాను, నోటికి వచ్చేసిందనుకున్నాను. ప్రాక్టీస్ రోజున తొందరలో అనుమతి లేకుండానే ఎంట్రీ కొట్టేశాను. అలా రెండు రోజులు చేశాను. స్టాకు లెక్క తేడా వచ్చి, దాన్ని సరిచేయడానికి ఇద్దరు సీనియర్లు రాత్రి దాకా కూర్చోవాల్సి వచ్చింది. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి ఇంటికెళ్లి ఖాళీ కాగితం మీద ఆ పని రాయబోతే అనుమతి అన్న అడుగు నాకసలు గుర్తే రాలేదు. చదువుతున్నప్పుడల్లా కంటికి కనిపిస్తూనే ఉంది, అందుకే ఉందనుకున్నాను. అప్పటి నుంచి నేను తెల్లకాగితం వదల్లేదు.

మరుసటి పొద్దున ప్రశ్న

ఎర్రగా దిద్దినవన్నీ ప్రశ్నలు కావు. నోట్‌బుక్ చూడగానే తేలిపోయినవి వదిలేయండి. నోట్‌బుక్‌లో కూడా జవాబు దొరకనివి ఒకటో రెండో మిగులుతాయి. వాటిని పొద్దున క్లాసు మొదలవకముందే అడగండి. అడగనిదే అమ్మైనా పెట్టదు. పైగా మీ ట్రైనర్ ముందు ఇరవై ముఖాలుంటాయి, ఎవరి కాగితంలో ఎక్కడ ఎర్రగా ఉందో ఆయనకెలా తెలుస్తుంది?

అడిగే తీరు ముఖ్యం. "సార్, నిన్నటిది అర్థం కాలేదు" అంటే ఆయన మొత్తం మళ్లీ చెబుతారు, మీరు మళ్లీ తలూపుతారు. "సార్, మూడో అడుగు దాకా నేను ఇలా చేశాను. నాలుగో అడుగులో అనుమతి రావడానికి ముందే కస్టమర్ వెళ్లిపోతే ఆ ఎంట్రీని ఏం చేయాలి?" అని అడిగితే జవాబు అర నిమిషంలో వస్తుంది. మీరు ఎక్కడి దాకా వచ్చారో చెప్పి, ఎక్కడ ఆగారో చూపించాలి. కాగితం చేతిలో ఉంటే ఇంకా సులువు, ఆ ఎర్ర చుక్క మీద వేలు పెడితే చాలు.

అలా అడిగితే చులకనవుతామని చాలామంది భయపడతారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియని కొత్తవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చినప్పుడు, వాళ్లకు నేర్పేవాళ్ల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. కొత్తవాణ్ని సిద్ధం చేయడం, పని చూపించడం, అతనిచేత చేయించి చూడడం, తర్వాత కూడా కనిపెట్టి ఉండడం అని నాలుగు అడుగులు. పని చేసేవాడికి రాలేదంటే నేర్పేవాడు నేర్పలేదన్నమాట అని ఆ పద్ధతి నేర్పేవాళ్లకే చెప్పింది. నేర్పే చోట నిలబడ్డాక నాకూ అదే అనిపించింది. ప్రశ్నలు రాని బ్యాచ్‌తోనే నాకు ఎక్కువ టెన్షన్.

తర్వాతి రోజులు

రాసిన ప్రతి కాగితాన్నీ రోజూ తిరగేయక్కర్లేదు. రెండు రోజుల తర్వాత అదే పనిని కొత్త కాగితం మీద మళ్లీ రాయండి, వారం చివర ఇంకోసారి. రెండోసారి పది నిమిషాలు కూడా పట్టదు. రెండో కాగితంలోనూ అదే చోట ఎర్ర పెన్ను పడితే అక్కడ రాయడం ఆపి, ఆ అడుగు వరకు చేత్తో చేసి చూడండి. కొన్ని పనులకు చేయి తిరగాలి, కాగితం వల్ల కాదు.

రాత్రి నిద్ర తగ్గించకండి. నేర్చుకున్నది నిద్రలోనే కుదురుకుంటుంది. పరీక్ష ముందు రాత్రి అయితే ఎర్ర గీతలు పడినచోట్లు మాత్రమే చూసి పడుకోండి.

మూడో వారమో నాలుగో వారమో ఒకసారి మనసు కుంగుతుంది. మొదట్లో రోజూ ముందుకెళుతున్నట్టు అనిపించి, అప్పుడు ఆగిపోయినట్టు ఉంటుంది. నా దగ్గరికి కన్నీళ్లతో వచ్చినవాళ్లు ఎక్కువమంది ఆ వారంలోనే వచ్చారు. వాళ్లను మొదటి వారం కాగితాలు తెమ్మని చెప్పి, నిన్నటి కాగితం పక్కన పెట్టించేవాణ్ని. ఎర్ర సిరా ఎంత తగ్గిందో వాళ్లే లెక్కపెట్టుకునేవాళ్లు.

ట్రైనింగ్ అయిపోయాక ఆ కట్టను పారేయకండి. అసలు పనిలో చేరిన మొదటి నెల డ్రాయర్‌లో పెట్టుకోండి. తొందర ఎక్కువగా ఉన్న రోజున ఏ అడుగు జారిపోతుందో ముందే తెలుసుకోవాలంటే, ఎర్ర గీతలు ఎక్కువగా ఎక్కడ పడ్డాయో చూడండి.