తెలుగు పాఠం (టెక్స్ట్) తెరమీద చెదిరితే

తెరమీద తప్పుగా కనిపించినంత మాత్రాన అక్షరాలు పోయినట్టు కాదు. ఉన్నాయో పోయాయో తేల్చుకున్నాకే దేనిమీదైనా చెయ్యి పెట్టండి.

పేజీ నిండా నెత్తిన గీత పెట్టిన ఇంగ్లీషు "a" (à), పక్కనే ° లేదా ±, మళ్లీ అదే వరస

అన్ని భాషల అక్షరాలకూ కోడులిచ్చే ప్రమాణం యూనికోడ్, ఆ కోడులను బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కో తెలుగు కోడుకు 3 బైట్లు. మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింట్లో ఒకటి. బ్రౌజరు వాటిని విండోస్-1252 (పశ్చిమ యూరప్ భాషల పాత పద్ధతి) అనుకుని చదివితే ఈ వరస పుడుతుంది. నాకైతే ఇది కనబడగానే ప్రాణం లేచొస్తుంది, లోపల తెలుగు చాలావరకు భద్రంగానే ఉంటుంది కాబట్టి.

పేజీ హెడర్‌లోనూ, డేటాబేస్ కనెక్షన్‌లోనూ యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పండి. ఫైలైతే తెరిచేటప్పుడే ఆ ఎన్‌కోడింగ్ ఎంచుకోండి. చెదిరిన పాఠాన్ని మాత్రం కాపీ చేసి సేవ్ చేయకండి. విండోస్-1252లో 5 బైట్లకు అక్షరాలే లేవు. పొల్లు, కొమ్ము రెండింటి మూడో బైటూ ఆ అయిదింట్లోదే. కొన్ని టూల్స్ వాటిని పారేస్తాయి. "తెలుగు" అన్న మాటకే రెండు కొమ్ములు కావాలి కదా!

అన్నీ ప్రశ్నార్థకాలే

ఇది నిజంగా నష్టం. తెలుగు పట్టని డేటాబేస్ కాలమ్‌లో రాసినప్పుడే అక్షరాలు పోయాయి. కాలమ్‌ను యూనికోడ్‌కు మార్చి, బ్యాకప్ నుంచి మళ్లీ ఎక్కించాలి.

ఖాళీ డబ్బాలు కనబడితే ఫాంటు లేదంతే. తెలుగు ఫాంటు వేస్తే సరి.

మాట కళ్లెదుటే ఉంది, వెతికితే దొరకదు

"సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట, వ కలిసిపోకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని కోడు కూర్చుంటుంది. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అవుతుంది. మనకు ఒకే మాట, వెతుకులాటకు రెండు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరంలో ఈ కోడు చేరితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఐఓఎస్ 11.2.6తో అది సర్దుకుంది.

దీనికి మందు: వెతకడానికి వేరే కాలమ్ పెట్టి, అందులోనూ, వెతికే మాటలోనూ ఆ కోడును తీసేయండి. రెండింటినీ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఒకే అక్షరానికి ఎప్పుడూ ఒకే కోడుల వరస ఉండే రూపం) కూడా మార్చండి, ఎందుకంటే ఐత్వం ఒకే కోడుగానూ రెండు కోడులుగానూ రావచ్చు. చూపించే పాఠం జోలికి మాత్రం వెళ్లకండి. అక్కడ ఆ కోడు రాసినవాళ్ల ఉద్దేశం.

చిన్న పేరుకే "అక్షరాలు మించాయి" అంటోంది

"స్త్రీ" ఎన్ని అక్షరాలు? బైట్లయితే 18. కోడులయితే స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం: 6. పాత యూనికోడ్ నియమాల ప్రకారం విడగొడితే 3. 2023లో వచ్చిన 15.1 నియమాలతో 1. బడిలో పలక పట్టిన పిల్లల లెక్కా అదే. జావాస్క్రిప్ట్‌లో "లెంగ్త్" 6 అంటుంది. మనిషికి చూపించే పరిమితికి అక్షరాలను మనిషిలా విడగొట్టే జావాస్క్రిప్ట్ ఇంటిల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) వాడండి, డేటాబేస్ గడిని దానికంటే బాగా వెడల్పుగా ఉంచండి.

బ్యాక్‌స్పేస్‌ను మాత్రం ఈ లెక్కలోకి లాగకండి. ఒక్క నొక్కుకు దీర్ఘమొక్కటే పోయి "స్త్ర" మిగలడం తప్పు కాదు, గుడి దీర్ఘం పొరపాటున పెట్టినవాళ్లకు అదెంతో మేలు.