వెల్ష్ నేర్చుకుందాం – మూడవ పాఠం: వర్తమాన కాలం

గడచిన రెండు పాఠాలలో ధ్వనులను పలకడం అభ్యసించాము కనుక ఇక క్రియలలోకి వెళ్ళవచ్చు. ఇక్కడ ఇచ్చే రూపాలు దక్షిణ వేల్స్ వాడుకలోనివి. ఉత్తరాన కొన్ని మారుతాయి.

తెలుగులో నేర్చుకుంటున్నాను, నేర్చుకుంటున్నావు అనగానే కర్త ఎవరో క్రియ చివరనే తెలిసిపోతుంది. వాడుక వెల్ష్‌లో అసలు క్రియ కదలదు. ‘డస్గి’ అంటే నేర్చుకోవడం (నేర్పడం కూడా అదే మాట, ఏది ఉద్దేశమో సందర్భమే చెప్పాలి). పురుషను బట్టి మారేది వాక్యం మొదట నిలిచే ‘బోడ్’, అంటే ‘ఉండు’ క్రియ మాత్రమే. దాని తరువాత కర్త, ఆ తరువాత ‘అన్’ అనే చిన్న ముక్క, చివరన అసలు క్రియ వస్తాయి. అచ్చు తరువాత ‘అన్’ కేవలం ‘న్’గా అతుక్కుంటుంది.

డు ఈన్ డస్గి – నేను నేర్చుకుంటున్నాను
రుయిట్ టీన్ డస్గి – నువ్వు
మై ఎన్ డస్గి – అతను
మై హీన్ డస్గి – ఆమె
డిన్ నీన్ డస్గి – మేము, మనము
డిఖ్ ఖీన్ డస్గి – మీరు
మైన్ నూన్ డస్గి – వాళ్ళు

‘నేర్చుకుంటాను’ అనే అలవాటు అర్థానికీ మొదటి వాక్యమే సరిపోతుంది. పెద్దవారు ఒక్కరే ఉన్నా ‘ఖి’ అనాలి, మన ‘మీరు’ లాగానే. వాన విషయంలో కర్త ‘ఆమె’ అవుతుంది: ‘మై హీన్ బూరు గ్లౌ’. ‘బూరు’ అంటే విసరడం, కొట్టడం; వాన కొడుతోందనే మనకు ఈ మాట పరాయిదిగా తోచదు.

తెలుగువారు తడబడే చోటు ఒకటుంది. ‘వాళ్ళు’ అనే సర్వనామానికి ‘మైన్’ వస్తుంది గాని, బహువచన నామవాచకం కర్త అయితే ఏకవచన రూపమైన ‘మై’నే వాడాలి. ‘ఆ పిల్లలు నేర్చుకుంటున్నారు’ అనడానికి ‘మైర్ ప్లంట్ అన్ డస్గి’ అంటారు. ఇందులోని ‘ర్’ నామవాచకానికి ముందు చేరే ‘ఆ’ వంటి పదాంశం. పిల్లలు ఎందరైనా క్రియ ఒక్కరికే అన్నట్టు ఉంటుంది.

కాదనడానికి కర్త తరువాత ‘దిమ్’ చేర్చాలి: ‘డు ఈ దిమ్ అన్ డస్గి’. అయితే ఇక్కడ ‘రుయిట్’ స్థానంలో ‘డుయిట్’, ‘మై’ స్థానంలో ‘డ్యూ’, ‘మైన్’ స్థానంలో ‘డిన్’ వస్తాయి: ‘డ్యూ ఎ దిమ్ అన్ డస్గి’.

‘ఉయిట్ టీన్ డస్గి కమ్రైగ్?’ (నువ్వు వెల్ష్ నేర్చుకుంటున్నావా?) అని అడిగితే, అన్ని ప్రశ్నలకూ పనికివచ్చే ‘అవును’ ఆ భాషలో లేదు కనుక, క్రియతోనే జవాబివ్వాలి: ‘అడు’, లేదా ‘నాగ్ అడు’. వస్తున్నావా అంటే వస్తున్నానని చెప్పే మనకిది తేలికే.

వ్యాకరణ గ్రంథాలలో ‘డస్గవ్’ వంటి ప్రత్యయాంత రూపాలు వర్తమానంగా కనిపిస్తాయి. నేటి సంభాషణలో దాని రూపాంతరమైన ‘డస్గ ఈ’ భవిష్యత్తును సూచిస్తుంది కనుక ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టడమే మేలని నా అభిప్రాయం.

అభ్యాసం: ‘షారడ్’ అంటే మాట్లాడడం. వాళ్ళు వెల్ష్ మాట్లాడుతున్నారు; ఆ పిల్లలు వెల్ష్ మాట్లాడుతున్నారు; నేను వెల్ష్ మాట్లాడను – ఈ మూడింటినీ వెల్ష్‌లో వ్రాయండి. మొదటి రెండింటినీ ‘మైన్’తోనే మొదలుపెట్టి ఉంటే, పిల్లల దగ్గర ఆగి మరొకసారి చూసుకోండి.