అక్వేరియం గాజు పగిలితే ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

అక్వేరియంకి బీట పడగానే చాలామంది చేసే పని సిలికాన్ ట్యూబు తెచ్చి పగులు మీద పూసేయడం. నాలుగు రోజులు ఆగుతుంది, ఐదో రోజు హాలంతా నీళ్ళు. అంత సన్నటి పగులులోకి సిలికాన్ దిగదు, పైన పొరలా ఉండిపోతుంది. పగులు మీద గాజు ముక్క అతికించాలి, అదీ లోపలి వైపు నుంచి. అప్పుడు నీళ్ళు ఆ ముక్కను పగులు మీదకే నొక్కుతాయి. బయట అతికిస్తే ఊడదోస్తాయి.

అన్ని పగుళ్ళకీ ఈ వైద్యం పనికిరాదు. అడుగు పలక పగిలినా, బీట ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకినా, తొట్టి ఎత్తు అడుగున్నర దాటినా మొత్తం పలక మార్పించండి. గాజు మీద పడే ఒత్తిడి నీళ్ళ ఎత్తును బట్టి ఉంటుంది, తొట్టి పొడవును బట్టి కాదు.

ముందు ప్లగ్గులు పీకండి, తర్వాతే నీళ్ళలో చెయ్యి పెట్టండి. సబ్బు తగలని వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పాత నీళ్ళే పోసి చేపల్ని వదిలి, ఎయిర్ పంపు పెట్టండి. బెజవాడ ఎండల్లో నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గిపోతుంది, కాబట్టి టబ్బు నీడలో ఉండాలి, మేత సగానికి తగ్గాలి. ఫిల్టర్ స్పాంజిని కూడా ఆ నీళ్ళలోనే ఉంచండి. ఎండితే అందులోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో దాదాపు 56 లీటర్లు పడతాయి. అంటే నీళ్ళే 56 కిలోలు, సిమెంటు బస్తా కంటే ఎక్కువ. నీళ్ళూ గులకరాళ్ళూ పూర్తిగా తీసేశాకే తొట్టిని కదపండి.

ఇక గాజు ముక్క. పగులుకి నాలుగు వైపులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉండేలా కాగితం మీద కొలత గీసుకుని గాజు షాపుకి వెళ్ళండి. బెజవాడలో ఉంటే వన్‌టౌన్ దాకా పోనక్కర్లేదు, పటమటలోనో సింగ్‌నగర్‌లోనో కోసిస్తారు. పలక ఎన్ని ఎం.ఎం. మందమో ముక్కా అంతే ఉండాలి. ఫొటో ఫ్రేములకి వాడే పల్చటి గాజు వద్దు. అంచులు నూరించుకోండి, లేకపోతే మొదట తెగేది మీ వేలే.

సిలికాన్ కొనేటప్పుడు మోసపోయేది ఒక్కచోటే: ఫంగస్ పట్టదని రాసి ఉన్న బాత్రూమ్ రకం తీసుకోవద్దు, అందులోని మందు చేపలకు విషం. అక్వేరియంకి వాడొచ్చని ట్యూబు మీద రాసి ఉన్నదే అడగండి.

తొట్టి పూర్తిగా ఆరాక, పగిలిన పలక అడుగున వచ్చేలా పక్కకి పడుకోబెట్టండి. బోరు నీళ్ళ తెల్లచారలుంటే వెనిగర్‌తో తుడిచి, కడిగి, మళ్ళీ ఆరబెట్టండి. అతికే చోట పాత సిలికాన్ ఉంటే బ్లేడుతో గీకేయాలి, ఎందుకంటే పాతదాని మీద కొత్తది సరిగా అతకదు. చివరగా మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

ముక్క పడే చోటు చుట్టూ మాస్కింగ్ టేపు వేసి, లోపల సిలికాన్ ధారాళంగా పరవండి. ముక్కను ఒక అంచు ముందు ఆనించి, మెల్లగా వాల్చుతూ దించితే గాలి రెండో వైపు నుంచి పోతుంది. మధ్య నుంచి అంచులకు నొక్కండి. ఇక్కడ తొందరపడకండి. గాజులోంచి చూస్తే గాలి చిక్కిన చోటు వెండి మచ్చలా మెరుస్తుంది. చిన్న మచ్చ ఒకటీ అరా పర్లేదు గానీ, పగులు దగ్గర మొదలై ముక్క అంచు దాకా చార కనిపిస్తే నీళ్ళు అదే దారి పడతాయి. ముక్క లేపి, తుడిచి మళ్ళీ మొదలుపెట్టండి. అలాగని సిలికాన్ అంతా పిండేసేలా నొక్కొద్దు, ఒక ఎం.ఎం. పొర మిగలాలి. అంచుల చుట్టూ ఇంకో వరస పెట్టి వేలితో సాఫు చేసి, పొర కట్టకముందే టేపు లాగేయండి.

24 గంటల్లో ఆరుతుందని ట్యూబు మీద రాసేది గాలి తగిలే సన్నటి వరసకి. సిలికాన్ గట్టిపడేది గాలిలోని తేమతోనే, అది ముక్క కిందికి నిదానంగా చేరుతుంది. వానాకాలంలో త్వరగా, ఏసీ గదిలో ఆలస్యంగా. కనీసం వారం ఆగండి. సిలికాన్ నుంచి వెనిగర్ వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదనే.

తర్వాత బాల్కనీలో పాత పేపర్ల మీద పెట్టి సగం నింపి ఒక రోజు, పూర్తిగా నింపి రెండు రోజులు చూడండి. పేపరు తడిస్తే మళ్ళీ మొదటికే. తడవకపోతే ఆ నీళ్ళు పారబోసి, కడిగి, లోపల పెట్టుకోండి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు గానీ, అక్వేరియం ఎక్కువగా పగిలేది స్టాండు వంకర వల్ల. తాపీమేస్త్రి దగ్గర రసమట్టం (స్పిరిట్ లెవెల్) అడిగి తెచ్చి స్టాండు రెండు వైపులా చూసుకోండి. తొట్టి కింద థర్మోకోల్ షీటు మొత్తం పరవండి, ముక్కలు ముక్కలుగా వద్దు.

కొళాయి నీళ్ళైతే క్లోరిన్ పోయే చుక్కలు వేశాకే చేపల్ని వదలండి. మొదటి వారం స్టాండు కింద పేపరు ఉంచి, వెనక స్విచ్ బోర్డు ఉంటే వైర్లు కాస్త కిందికి వేలాడి పైకి వెళ్ళేలా సర్దండి. కారినా నీళ్ళు వైరు వెంట ప్లగ్గులోకి పోవు.