మొరం బాటల మీద గ్రావెల్ సైకిల్, 4వ పాఠం: దిగేముందు గాలి సంగతి తేల్చుకుందాం

ఈసారి చెప్పాల్సింది గ్రావెల్ సైకిల్ (మట్టి, మొరం దారుల కోసం చేసిన వెడల్పు టైర్ల సైకిల్) మీద గుట్ట దిగడం గురించి. కానీ పోయిన పాఠంలో ఎక్కడం గురించి చెప్పాక మీరు రాసి పంపినవి చదివితే, అది తేలకుండా దిగుడు మొదలుపెట్టడం మంచిది కాదనిపించింది. వికారాబాద్ అనంతగిరి వెనక బాటల్లో తొక్కినవాళ్లు, పరిగి వైపు వెళ్లినవాళ్లు, శృంగవరపుకోట దాటాక అరకు ఘాట్ వదిలేసి పక్క ఊళ్ల మట్టి దారులు పట్టినవాళ్లు, దాదాపు అందరిదీ ఒకటే మాట. సగం ఎక్కేసరికి వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగింది, సైకిల్ ఆగిపోయింది, కాలు కింద పెట్టాక మళ్లీ ఎక్కి తొక్కడం కుదరలేదు, మిగిలింది తోసుకుంటూ పోయాం.

ఇందులో కొందరు పెద్ద క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తి) కొనేశారు. కొనేముందు ఒక్క లెక్క వేసుకోవాల్సింది. ముందు 40 పళ్లు, వెనక 42 పళ్లు, 700x40 (అంటే 40 మిల్లీమీటర్ల వెడల్పు) టైరు ఉన్న సైకిల్‌కి పెడల్ నిమిషానికి 60 సార్లు తిప్పితే వేగం గంటకు సుమారు 7.5 కిలోమీటర్లు. నడక కన్నా కాస్త ఎక్కువ, అంతే. నూటికి పది మీటర్లు లేచే ఏటవాలుకి చాలామందికి ఈ గేరు సరిపోతుంది. కాళ్లలో బలం అయిపోయి ఆగిపోతే అది గేరు సమస్య. చక్రం తిరుగుతూ ఉండి సైకిల్ కదలకపోతే అది గేరు సమస్య కానే కాదు. పైగా గేరు తేలికయ్యేకొద్దీ మీరు పెడల్‌ని ఒక్క తొక్కు తొక్కితే చక్రానికి చేరే తిప్పుడు బలం పెరుగుతుంది, కాబట్టి జారడం ఇంకా సులువవుతుంది.

లేచి నిలబడి తొక్కకండి అని మూడో పాఠంలోనే చెప్పాను, మళ్లీ సాగదీయను. సీటు ముందు అంచు మీదికి జరగండి, మోచేతులు వంచి ఛాతీ హ్యాండిల్ వైపు దించండి, పెడల్‌ని గుద్దినట్టు కాకుండా గుండ్రంగా తిప్పండి, గేరు ఏటవాలు మొదలవకముందే మార్చుకోండి. ఇక్కడితో కూర్చునే పద్ధతి అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి, గాలి. "ఎంత గాలి పెట్టుకున్నారు?" అని తిరిగి అడిగితే వచ్చిన జవాబులు 60, 65, ఒకరిద్దరివి ఏకంగా 70 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క). ఎందుకు అంటే టైరు పక్కన అలా రాసి ఉంది అంటారు. టైరు పక్కన "మాక్స్" అని రాసి ఉన్న అంకె అంతకు మించి పెట్టొద్దనే హద్దు. మీ బరువుకి, మీరు వెళ్లే దారికి ఎంత పెట్టాలో దానికి తెలియదు. తారు రోడ్డు సైకిల్ నుంచి వచ్చినవాళ్లకి ఈ అలవాటు మరీ గట్టిగా పట్టుకుని ఉంటుంది. బొటనవేలితో నొక్కి చూసి రాయిలా ఉంటే తృప్తి. ఈ తృప్తి పోనంతవరకు మీరు ఎన్ని పాఠాలు చదివినా మొరం గుట్ట ఎక్కలేరు.

లెక్క చూద్దాం. మీరు, సైకిల్, నీళ్లు, సామాను కలిపి 80 కిలోలు అనుకోండి. ఎక్కేటప్పుడు వెనక చక్రం మీద కనీసం 46 కిలోలు పడుతుంది. 60 పీఎస్ఐ ఉంటే ఆ బరువును మోయడానికి టైరు నేలను తాకే చోటు దాదాపు 11 చదరపు సెంటీమీటర్లు చాలు. అదే 32 పీఎస్ఐ అయితే సుమారు 20 చదరపు సెంటీమీటర్లు తాకుతుంది. టైరు గోడల గట్టిదనం వల్ల ఈ అంకెలు కాస్త అటూఇటూ అవుతాయి గానీ, పట్టు దొరికే చోటు ఇంచుమించు రెట్టింపు అవుతుందన్నది ఖాయం. అనంతగిరి చుట్టూ ఉన్న ఎర్రమొరం స్వభావం కూడా గుర్తుంచుకోండి. కింద నేల గట్టిగా ఉంటుంది, దాని మీద గోలీల్లా గుండ్రటి చిన్న రాళ్లు వదులుగా పరుచుకుని ఉంటాయి. గట్టి టైరు ఆ రాళ్ల మీదెక్కి వాటితోపాటే దొర్లుతుంది. మెత్తటి టైరు రాయి చుట్టూ వంగి, మధ్యలో కింది గట్టి నేలను కూడా అందుకుంటుంది. టైరు మీద పెద్ద బొడిపెలు ఉండాలని చాలామంది అనుకుంటారు. నేను మధ్యలో నున్నగా, పక్కల మాత్రం బొడిపెలున్న 40 మిల్లీమీటర్ల టైరే వాడతాను. ఎండు మొరం మీద బొడిపెల కన్నా గాలి పదిరెట్లు ముఖ్యమని నా నమ్మకం.

ఎంత పెట్టాలి? 70 కిలోల మనిషికి, 40 టైరుకి, ట్యూబ్‌లెస్ అయితే ముందు 30, వెనక 33తో మొదలుపెట్టండి. ట్యూబ్ ఉంటే ముందు 38, వెనక 41. మనిషి బరువు ఐదు కిలోలు తేడా వస్తే రెండు పీఎస్ఐ అటో ఇటో జరపండి. దారిలో రిమ్ము రాయికి టంగుమని తగిలిన చప్పుడు ఒకసారి కన్నా ఎక్కువ వినిపిస్తే రెండు పెంచండి. ట్యూబు విప్పినప్పుడు పక్కపక్కనే రెండు సన్నటి గాట్లు కనిపిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య నలిగిందని అర్థం, గాలి తక్కువైంది. ఒక్కటే చిన్న బెజ్జం ఉంటే అది తుమ్మముల్లు. దానికీ గాలికీ సంబంధం లేదు, ముల్లు దిగిందని భయపడి మళ్లీ 60 కొట్టించకండి.

తాండూరు వైపు వెళ్లేవాళ్లు మాత్రం రెండు మూడు ఎక్కువే పెట్టుకోండి. అక్కడ నాపరాయి క్వారీల చుట్టుపక్కల దారుల్లో పదునైన అంచులున్న బండముక్కలు ఉంటాయి, టైరు పక్కగోడ చీరితే సీలెంట్ (బెజ్జాలు పూడ్చడానికి ట్యూబ్‌లెస్ టైరులో పోసే ద్రవం) కూడా ఏమీ చేయలేదు.

బైక్ పంక్చర్ షాపులో గాలి పెట్టించుకోకండి. సన్నటి ప్రెస్టా వాల్వ్‌కి వాళ్ల గొట్టం పట్టదు, అడాప్టర్ ఉన్నా ఆ గేజ్ మీద రెండు మూడు పీఎస్ఐల తేడా చదవలేరు. గేజ్ ఉన్న ఫ్లోర్ పంపు ఇంట్లో ఉండాలి. ఇంకొకటి, చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీల్లో 33 పెట్టుకుని బయల్దేరితే, మధ్యాహ్నం టైరులో గాలి 38 డిగ్రీలకు వేడెక్కేసరికి అదే 36, 37 అవుతుంది. పొద్దున ఎక్కిన గుట్టే తిరుగు దారిలో జారుడుగా అనిపిస్తే ఎండతోపాటు దీన్ని కూడా గుర్తుచేసుకోండి.

ఇక దిగుడు. గాలి సరిగ్గా ఉంటే దిగుడులో సగం పని అయిపోయినట్టే, అందుకే అంత చెప్పాను.

చేతులు డ్రాప్స్‌లో (హ్యాండిల్ కిందికి వంగిన భాగంలో), రెండేసి వేళ్లు బ్రేకు మీద, పెడల్స్ రెండూ నేలకు సమానంగా, నడుము సీటుకి కాస్త వెనక్కి. వదులు మొరం మీద చక్రం వంపులో ఉండగా ముందు బ్రేకు గట్టిగా పడితే ముందు చక్రం పక్కకి కొట్టుకుపోతుంది, మనిషి భుజం మీద పడతాడు. కాబట్టి వేగం తగ్గించే పని మొత్తం వంపు రాకముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే, దారిలో గట్టిగా కనిపించిన చోటే చేసేయాలి. వంపులో బ్రేకు ముట్టుకోవాల్సి వచ్చిందంటే మీరు వేగంగా వచ్చారన్నమాట. వదులు నేల మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టాక ఆగడానికి సుమారు ఐదు మీటర్లు పడుతుంది. 40లో ఇరవై మీటర్లకు పైనే. బ్రేకు పట్టాలని తోచేలోపు పోయే దూరం దీనికి అదనం. వంపు అవతల మేకల మంద ఉంటే ఆ ఇరవై మీటర్లు మీ దగ్గర ఉండవు.

దారి ఎంచుకోవడం కూడా చూపుతోనే. ట్రాక్టర్ టైర్లు నడిచిన రెండు జాడలు గట్టిపడి ఉంటాయి, మధ్య గట్టు మీదా, వంపు బయటి అంచులోనూ వదులు రాళ్లు పోగుపడతాయి. ఒక జాడ పట్టుకుని అందులోనే దిగండి, మధ్య గట్టు దాటాల్సి వస్తే ముందే నెమ్మదించి నిటారుగా దాటండి. ఊళ్ల దగ్గర రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోసి ఉంటే అంచున దిగి నడిపించుకుంటూ వెళ్లండి. అది వాళ్ల పంట, మన సైకిల్ జాడ దాని మీద పడకూడదు.

సాధన కష్టంగానే ఉంటుంది. ఒక కిలోమీటరు లోపు మొరం ఏటవాలు ఒకటి ఎంచుకోండి, మరీ నిటారు వద్దు. 45 పీఎస్ఐతో ఒకసారి ఎక్కండి, 40తో ఒకసారి, 36తో ఒకసారి, 33తో ఒకసారి. ట్యూబ్ వాడేవాళ్లు 40 దగ్గరే ఆగండి. గేరు, వేగం మార్చకండి, ఒకసారి ఎక్కాక మళ్లీ ఎక్కేముందు కనీసం పది నిమిషాలు విశ్రాంతి. చక్రం ఎక్కడ జారిందో ప్రతిసారీ దారి పక్క ఒక రాయి పెట్టి గుర్తు చేసుకోండి. దిగేటప్పుడు నేల మీద గీత గీసి, 15, 20, 25 వేగాల్లో వచ్చి ఆ గీత దగ్గర బ్రేకు పట్టి, ఎంత దూరంలో ఆగారో అడుగులతో కొలవండి. ఈ అంకెలన్నీ రాసి పెట్టుకోండి, వచ్చే పాఠానికి కావాలి. అందులో వాన పడిన నల్లరేగడి బాట గురించి చెబుతాను. అక్కడ టైరుకీ ఫ్రేముకీ మధ్య బంకమట్టి ఇరుక్కుని చక్రమే ఆగిపోతుంది. అందుకని మీ సైకిల్‌లో టైరుకీ ఫ్రేముకీ మధ్య ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉందో కూడా కొలిచి ఉంచండి.